నగరం ఈ చివర నుంచి ఆ చివరకి: ఏ రైలు టికెట్ కొనాలి? (పాఠకుల ప్రశ్నలు, జవాబులు)

ఈమధ్య వచ్చిన ప్రశ్నల్లో చాలావరకు ఒకటే సంగతి చుట్టూ తిరుగుతున్నాయి, పెద్ద నగరంలో రైల్లో అటు నుంచి ఇటు దాటాలంటే టికెట్ ఏది కొనాలి అని. అందుకే ఈసారి మిగతావన్నీ పక్కనపెట్టి ఇవే తీసుకున్నాం. జవాబుల్లోకి వెళ్ళేముందు ఒక్క మాట. మెషిన్ ముందు నిలబడగానే అందరి కళ్ళూ రేటు మీదికే పోతాయి, కానీ ముందు చూడాల్సింది అది కాదు, ఆ టికెట్ ఎవరి రైళ్ళలో చెల్లుతుంది, ఎక్కడిదాకా చెల్లుతుంది, ఎంతసేపు చెల్లుతుంది అన్నది. అది తేల్చుకోకుండా చవగ్గా వచ్చిందని కొంటే ఆ చవక టికెట్టే చివరికి ఫైన్ కట్టిస్తుంది. కింద ఉన్న ప్రశ్నలన్నీ తిప్పితిప్పి చూస్తే ఇక్కడికే వస్తాయి.

ప్రశ్న: వచ్చే నెల ఎడిన్‌బరోలో రైలెక్కి లండన్ మీదుగా సౌతాంప్టన్ వెళ్ళాలండి. లండన్‌లో ఒక స్టేషన్‌లో దిగి ఇంకో స్టేషన్‌కి మారాలంటున్నారు. టికెట్ రెండు ముక్కలుగా కొనాలా, మధ్యలో మెట్రోకి వేరేగా కొనాలా? పెద్ద పెట్టెలతో దిగి మళ్ళీ క్యూలో నిలబడాలంటే కంగారుగా ఉంది.

జవాబు: కంగారు పడకండి, మీకు ఒక్క టికెట్ చాలు. కాకపోతే లండన్ ఎందుకిలా ఉందో తెలిస్తే టికెట్ మీద రాసింది కూడా అర్థమవుతుంది. ఆ ఊళ్ళో అన్ని వైపుల రైళ్ళూ వచ్చి కలిసే ఒకే పెద్ద స్టేషన్ లేదు. పంతొమ్మిదో శతాబ్దంలో ఒక్కో లైను ఒక్కో ప్రైవేటు కంపెనీ వేసింది, ఎవరి స్టేషన్ వాళ్ళు కట్టుకున్నారు, అందుకే ఉత్తరం నుంచి వచ్చేవి కింగ్స్ క్రాస్, యూస్టన్ లాంటి చోట్ల ఆగిపోతాయి, పడమటివి పాడింగ్టన్‌లో, తూర్పువి లివర్‌పూల్ స్ట్రీట్‌లో, దక్షిణానికి పోయేవి వాటర్లూ, విక్టోరియా లాంటి చోట్ల బయల్దేరతాయి. మీ ఎడిన్‌బరో రైలు కింగ్స్ క్రాస్‌కి వస్తుంది, సౌతాంప్టన్ రైలు వాటర్లూలో ఉంటుంది, మధ్యలో భూగర్భ రైలు పట్టుకోవాలి.

ఇప్పుడు టికెట్. ఎడిన్‌బరో నుంచి సౌతాంప్టన్ దాకా ఒకే టికెట్ అడగండి, లండన్ దాకా ఒకటి అక్కణ్ణుంచి ఇంకోటి అని కాదు. అలా ఒకటిగా కొన్న టికెట్ మీద రూట్ రాసే చోట శిలువ లాంటి చిన్న గుర్తు ఉంటుంది, అది ఉందంటే ఒక స్టేషన్ నుంచి ఇంకో స్టేషన్‌కి భూగర్భ రైలు ప్రయాణం అందులోనే కలిసి ఉందన్నమాట, వేరే డబ్బు కట్టక్కర్లేదు. అది స్టేషన్ మారడానికి ఇచ్చిన సదుపాయం, ఊరంతా తిరగడానికి కాదు, అది మాత్రం గుర్తుంచుకోండి. ఆ గుర్తు లేకుండా లండన్ టెర్మినల్స్ అని మాత్రమే రాసున్న టికెట్ అయితే మీ రూట్లో వచ్చే ఆ పెద్ద స్టేషన్ల దాకానే, భూగర్భ రైలుకి అది చెల్లదు. చాలామంది చిక్కుకునేది సరిగ్గా ఇక్కడే, టికెట్ మీద లండన్ అని ఉంది కదా లండన్ అంతా తిరగొచ్చు అనుకుంటారు.

ముక్కలు చేసి కొంటే ఒక్కోసారి తక్కువకే వస్తుంది, నిజమే, కాదనను. కానీ ముందే బుక్ చేసుకునే అడ్వాన్స్ టికెట్లు ఆ ఒక్క రైలుకే చెల్లుతాయి, మొదటి రైలు లేటయి రెండోది తప్పిపోతే మీరు కౌంటర్లో నిలబడి వాదించుకోవాల్సి రావచ్చు. ఒకే టికెట్ అయితే అది మొత్తం ఒకే ప్రయాణం కింద లెక్క, వాళ్ళ రైలు లేటయి మీకు కనెక్షన్ పోతే తర్వాత రైల్లో పంపించే బాధ్యత వాళ్ళదే. మొదటిసారి వెళ్తున్నారు, చేతిలో పెట్టెలున్నాయి, కాబట్టి నా మాట వింటే ఒకే టికెట్ తీసుకోండి, నాలుగు డబ్బులు ఎక్కువైనా సరే.

పెట్టెల సంగతి కూడా చెప్తాను. కింగ్స్ క్రాస్ నుంచి విక్టోరియా లైను ఎక్కి గ్రీన్ పార్క్‌లో దిగి జూబిలీ లైను పట్టుకుని వాటర్లూ వెళ్ళండి, లోపల నడక కాస్త ఎక్కువే గానీ లిఫ్టులున్నాయి, మెట్ల మీద పెట్టె ఈడ్చుకోనక్కర్లేదు. ఇంకోటి, అన్ని ప్రయాణాలకీ ఈ మార్పిడి ఉండదు, కేంబ్రిడ్జ్ నుంచి బ్రైటన్‌కి థేమ్స్‌లింక్ రైళ్ళు ఊరి మధ్యలోంచే నేరుగా పోతాయి, 2022 మే నుంచి నడుస్తున్న ఎలిజబెత్ లైను పాడింగ్టన్ నుంచి లివర్‌పూల్ స్ట్రీట్‌కి ఒకే రైల్లో తీసుకెళ్తుంది. కాబట్టి ఎవరైనా సరే టికెట్ కొనేముందు అసలు మారాలా వద్దా అన్నది చూసుకోండి.

ప్రశ్న: పారిస్‌లో గురువారం దిగి మళ్ళీ బుధవారం దాకా ఉంటాం. వారం పాస్ తీసుకోమని కొందరు, విడి టికెట్లు చాలని కొందరు. ఏది నయం?

జవాబు: మీరు చెప్పిన రోజుల్ని బట్టి చూస్తే వారం పాస్ మీకు కలిసిరాదు. ఎందుకంటే అక్కడ వారం పాస్ అంటే మీరు కొన్న రోజు నుంచి ఏడు రోజులు కాదు, సోమవారం నుంచి ఆదివారం దాకా. గురువారం కొన్నా ఆదివారం రాత్రికి అయిపోతుంది, మిగతా మూడు రోజులకి ఇంకో పాస్ కొనుక్కోవాలి. అదే మీరు సోమవారం దిగేవాళ్ళయితే నేనే తీసుకోమని చెప్పేదాన్ని, ఎందుకంటే మొత్తం జోన్ల వారం పాస్‌లో ఎయిర్‌పోర్ట్ రైళ్ళు కూడా కలిసి ఉంటాయి.

విడి టికెట్ల పద్ధతి కూడా 2025 జనవరిలో మారింది, పాత గైడ్ పుస్తకాలు చూసి వెళ్ళకండి. ఇప్పుడు మెట్రోకి, ఊరి మధ్యలోంచి శివార్ల దాకా పోయే ఆర్ ఈ ఆర్ రైళ్ళకి, మిగతా శివారు రైళ్ళకి కలిపి ఒకటే రకం టికెట్, ఆ ప్రాంతంలో ఎంత దూరమైనా ఒకటే రేటు, మొదలుపెట్టిన రెండు గంటల్లోపు ఒక రైలు నుంచి ఇంకో రైలుకి మారొచ్చు. బస్సుకీ ట్రామ్‌కీ వేరే టికెట్, రైలు టికెట్‌తో దిగి బస్సెక్కితే చెల్లదు. ఎయిర్‌పోర్ట్‌కి వేరే ఖరీదైన టికెట్ ఉంది, అది మాత్రం మర్చిపోకండి, ఊళ్ళో తిరిగే టికెట్‌తో ఎయిర్‌పోర్ట్‌లో దిగితే ఫైన్ పడుతుంది.

ఒక్క పారిస్ అనే కాదు, ఏ పాస్ అయినా లెక్క ఎక్కడ మొదలవుతుంది అన్నది అడగండి. లండన్‌లో బ్యాంకు కార్డు తాకించి తిరిగితే వారం లెక్క సోమవారం నుంచి ఆదివారమే. న్యూయార్క్ సబ్‌వేలో మీరు మొదటిసారి తాకించిన రోజు నుంచి ఏడు రోజులు. టోక్యో సబ్‌వే వాళ్ళు పర్యాటకులకి అమ్మే టికెట్లయితే 24, 48, 72 గంటలవి, మొదటిసారి గేటు దాటిన నిమిషం నుంచి గంటలు లెక్క, అంటే మధ్యాహ్నం మొదలుపెడితే మర్నాడు మధ్యాహ్నం దాకా వాడుకోవచ్చు. అదే రోజు పాస్ అని రాసుంటే చాలా ఊళ్ళల్లో ఆ రోజు ఆఖరి రైళ్ళతోనే గడువు తీరిపోతుంది, సాయంత్రం ఐదింటికి కొంటే దండగే. మీరు రోజుకి ఎన్నిసార్లు ఎక్కి దిగుతారో ఒక కాగితం మీద వేసుకోండి, పొద్దున వెళ్ళి రాత్రి వచ్చేదే అయితే రెండు విడి టికెట్లే చవక, పాస్ అనగానే లాభం అనుకోకూడదు.

ప్రశ్న: విదేశంలో ఒక పెద్ద నగరంలో ఉదయం బ్యాంకు కార్డు గేటుకి తాకించి లోపలికెళ్ళాను, దిగేటప్పుడు కార్డు బ్యాగులో ఉండిపోయిందని ఫోన్ తాకించాను. ఫోన్లో ఉన్నది కూడా అదే కార్డు. గేటు తెరుచుకుంది, కానీ తర్వాత చూస్తే మామూలు ఛార్జీ కంటే చాలా ఎక్కువ పోయింది, అదీ రెండుసార్లు. ఇది మోసం కాదా?

జవాబు: మోసం కాదండి, కానీ మీ కోపం నాకు అర్థమవుతుంది, ఈ సంగతి గేటు పక్కన పెద్ద అక్షరాలతో రాసి పెట్టాల్సింది, రాయరు. జరిగింది ఏంటంటే, ఫోన్లో కార్డు పెట్టుకున్నప్పుడు ఫోన్ మీ అసలు కార్డు నంబరు వాడదు, భద్రత కోసం దానికి బదులు వేరే నంబరు పెట్టుకుంటుంది. డబ్బు పోయేది ఒకే ఖాతా నుంచే అయినా గేటుకి మాత్రం ఇద్దరు మనుషులు కనిపిస్తారు, ఒకరు లోపలికెళ్ళి బయటికి రాలేదు, ఇంకొకరు లోపలికి వెళ్ళకుండానే బయటికొచ్చారు. ఎక్కణ్ణుంచి ఎక్కడికో తెలియని ప్రయాణానికి లండన్ లాంటి చోట్ల గరిష్ట ఛార్జీ వేస్తారు, మీకు రెండు సగం ప్రయాణాలకీ అదే పడింది. స్మార్ట్ వాచీ కూడా అంతే, అది మూడో మనిషి. పర్సులో రెండు కార్డులు పెట్టుకుని పర్సునే గేటుకి ఆనించినా ఇదే తంటా, ఏ కార్డు తగిలిందో మీకూ తెలియదు.

డబ్బు వెనక్కి అడగొచ్చు. ఆ రవాణా సంస్థ వెబ్‌సైట్‌లో మీ కార్డు ప్రయాణాల లిస్టు చూసుకునే వీలు చాలాచోట్ల ఉంటుంది, అందులో సగంలో ఆగిన ప్రయాణం కనిపిస్తుంది, ఎక్కడ ఎక్కారో ఎక్కడ దిగారో రాసి పంపండి. ఆలస్యం చేయకండి, అడగడానికి గడువుంటుంది.

ఇక ముందు ముందు కోసం. ఏ వస్తువుతో లోపలికెళ్ళారో దాంతోనే బయటికి రండి, రోజంతా అదే వాడండి, లేకపోతే ఇంకో నష్టం కూడా ఉంది. లండన్‌లో రోజుకింత అని ఒక పరిమితి ఉంటుంది, అది దాటాక మీరెన్నిసార్లు ఎక్కినా డబ్బు తీసుకోరు, కానీ ఆ లెక్క ఒక్కో కార్డుకి విడివిడిగా వేస్తారు కాబట్టి పొద్దున కార్డు సాయంత్రం ఫోన్ వాడితే రెండూ పరిమితిని చేరవు. గేటు లేని స్టేషన్లలో కూడా తాకించడం మానకండి, అక్కడ ఒక స్తంభానికి మెషిన్ ఉంటుంది, ఎవరూ ఆపలేదు కదా అని వెళ్ళిపోతే ప్రయాణం సగంలో ఉండిపోతుంది. లండన్‌లోనే కొన్ని మారే స్టేషన్లలో గులాబీ రంగు మెషిన్లు ఉంటాయి, ఊరి నడిబొడ్డులోకి వెళ్ళకుండా చుట్టూ తిరిగి వెళ్ళేవాళ్ళు మధ్యలో అది తాకిస్తే జోన్ 1 ఛార్జీ పడదు. బాగా దగ్గరి విషయం ఇంకొకటి, పడమటి వైపు రీడింగ్ దాకా ఎలిజబెత్ లైనులో బ్యాంకు కార్డుతో వెళ్ళొచ్చు గానీ లండన్ రవాణా వాళ్ళు ఇచ్చే ఆయిస్టర్ కార్డు అంత దూరం చెల్లదు, ఒకే రైలు, ఒకే ప్లాట్‌ఫారం, అయినా కార్డుని బట్టి హద్దు మారిపోతుంది చూశారా.

ఇంట్లో వాళ్ళందరికీ ఒకే కార్డు తాకించడం కూడా ఊరిని బట్టే. లండన్‌లో కుదరదు, తలా ఒకటి ఉండాలి. న్యూయార్క్ సబ్‌వేలో ఒకే కార్డుతో నలుగురి దాకా వెళ్ళొచ్చు, పైగా అక్కడ బయటికొచ్చేటప్పుడు తాకించే పనే లేదు, ఎంత దూరమైనా ఒకటే ఛార్జీ. విదేశీ కార్డు అయితే బయల్దేరే ముందే మీ బ్యాంకుని అడగండి, ప్రతి లావాదేవీకి ఎంత పట్టుకుంటారు అని, కొన్ని కార్డులకి అదే ఛార్జీని మించి పోతుంది.

ప్రశ్న: జపాన్ మొత్తం తిరగడానికి జే ఆర్ పాస్ కొన్నాం. టోక్యోలో సబ్‌వే గేటు దగ్గర చెల్లదన్నారు. దేశం మొత్తానికి కొన్నాక ఒక ఊళ్ళో చెల్లకపోవడం ఏంటి?

జవాబు: ఆ పాస్ దేశానికి కాదు, జే ఆర్ అంటే జపాన్ రైల్వేస్ అనే ఒక సంస్థల గుంపుకి. టోక్యోలో జే ఆర్ రైళ్ళు వేరు, 9 లైన్లున్న టోక్యో మెట్రో వేరు, 4 లైన్లున్న తోయీ సబ్‌వే వేరు, ఇవి కాక శివార్లకి పోయే ప్రైవేటు రైల్వేలు ఇంకా ఉన్నాయి. ఒకే పేరున్న స్టేషన్‌లో కూడా వేర్వేరు గేట్లు, వేర్వేరు యజమానులు. మీ పాస్ జే ఆర్ గేట్లకే. ఊరి చుట్టూ తిరిగే యమనోటె లైను జే ఆర్‌దే కాబట్టి అందులో హాయిగా తిరగండి, చాలా పెద్ద స్టేషన్లు దాని మీదే ఉన్నాయి.

సబ్‌వే కూడా కావాలంటే ముందే డబ్బు వేసుకుని గేటుకి తాకించే సుయికా కార్డు గానీ పాస్మో కార్డు గానీ తీసుకోండి. సుయికా 2001లో జే ఆర్ వాళ్ళు తెచ్చింది, పాస్మో 2007లో మిగతా రైల్వేలు తెచ్చింది, ఇప్పుడు ఏది పట్టుకెళ్ళినా రెండు వైపులా గేట్లు తెరుచుకుంటాయి. ఇది మీకు ఏ రైలు ఎవరిదో తెలుసుకునే బాధ తప్పిస్తుంది, కానీ ఛార్జీలు కలపదు. ఒక సంస్థ రైలు నుంచి ఇంకో సంస్థ రైలుకి మారితే సాధారణంగా రెండు ఛార్జీలూ పడతాయి, మెట్రోకీ తోయీకీ మధ్య మారేవాళ్ళకి మాత్రం కొంత తగ్గింపు ఉంది. అందుకే మ్యాప్‌లో దగ్గరి దారి వెతికేటప్పుడు ఒకే సంస్థ లైన్ల మీద వెళ్ళే దారి ఉందేమో కూడా చూడండి, రెండు నిమిషాలు ఎక్కువైనా ఖర్చు తగ్గుతుంది.

కాగితం టికెట్ కొనాల్సి వచ్చి ఎంత ఛార్జీయో అర్థం కాకపోతే అన్నిటికంటే తక్కువది కొనుక్కుని ఎక్కేయండి. దిగిన స్టేషన్‌లో గేటు లోపలే తేడా డబ్బు కట్టే మెషిన్ ఉంటుంది, అక్కడ కట్టేస్తే సరి, తప్పు చేసినట్టు ఎవరూ చూడరు. ఎంత మంచి ఏర్పాటో చూడండి, దారి తెలియని మనిషిని దొంగగా కాకుండా ప్రయాణికుడిగా చూడటం అంటే ఇదీ. కానీ ఇదే పని బెర్లిన్‌లోనో పారిస్‌లోనో చేయకండి, అక్కడ తక్కువ టికెట్‌తో దొరికితే జరిమానానే. ఎయిర్‌పోర్ట్‌కి పోయే నరితా ఎక్స్‌ప్రెస్ లాంటి వాటికి మాత్రం మామూలు ఛార్జీ మీద ఎక్స్‌ప్రెస్ టికెట్ కూడా ఉండాలి, కార్డు గేటు తెరిచింది కదా అని ఎక్కి కూర్చుంటే లోపల కట్టాల్సొస్తుంది.

ప్రశ్న: బెర్లిన్‌లో గేట్లే ఉండవట కదా. టికెట్ కొంటే చాలా?

జవాబు: చాలదు. మెషిన్లో కొన్న కాగితం టికెట్ మీద స్టాంప్ కొట్టుకోవాలి, ప్లాట్‌ఫారం మీదే చిన్న పెట్టెలుంటాయి, రైలెక్కక ముందే అందులో దూర్చాలి. స్టాంప్ లేని టికెట్ జేబులో ఉన్నా టికెట్ లేనట్టే, మామూలు బట్టల్లో తిరిగే తనిఖీవాళ్ళు 60 యూరోలు వేస్తారు, నాకు తెలియదండీ అంటే వినరు. ఊరిని ఏ, బీ, సీ అని మూడు జోన్లుగా చేశారు, ఊళ్ళో తిరగడానికి ఏ బీ టికెట్ చాలు, కానీ 2020లో తెరిచిన కొత్త ఎయిర్‌పోర్ట్ సీ జోన్‌లో ఉంది కాబట్టి అక్కడికి మూడూ ఉన్న టికెట్ కావాలి. విడి టికెట్ స్టాంప్ కొట్టిన దగ్గర్నుంచి రెండు గంటలు, ముందుకి వెళ్ళడానికే, అదే టికెట్‌తో తిరిగి రాకూడదు. మెట్రో, ఎస్ బాన్ అనే నగర రైలు, ట్రామ్, బస్సు అన్నిటికీ అదొక్కటే చాలు, అది మాత్రం చాలా సుఖం.

ప్రశ్న: ఇన్ని రూల్స్ ఎందుకండీ? ఊరికంతా ఒకే టికెట్ పెడితే పోలేదా?

జవాబు: పోలేదా అంటే పోతుంది, చేసి చూపించిన ఊళ్ళున్నాయి. జర్మనీలో హాంబర్గ్ వాళ్ళు 1965లోనే ఊళ్ళో రైళ్ళు, బస్సులు నడిపే వేర్వేరు సంస్థల్ని ఒక ఉమ్మడి కూటమి కిందికి తెచ్చి అన్నిటికీ ఒకే టికెట్, ఒకే ఛార్జీల పట్టిక పెట్టారు. ప్రపంచంలో అలాంటి కూటమి అదే మొదటిది, తర్వాత బెర్లిన్‌తో సహా జర్మనీలో చాలా నగరాలు అదే దారి పట్టాయి. ప్రయాణికుడు ఒక్కసారి కట్టేస్తాడు, ఆ డబ్బు ఎవరికెంత అన్నది వాళ్ళలో వాళ్ళు పంచుకుంటారు. సింగపూర్‌లో అయితే బస్సు దిగి రైలెక్కినా మొత్తం దూరాన్ని ఒకే ప్రయాణంగా లెక్కేస్తారు, మారిన ప్రతిసారీ కొత్తగా మొదటి ఛార్జీ పడదు.

అలా చేయని చోట కారణం ఎక్కువసార్లు డబ్బు పంపకమే, ఎవరి ఆదాయం వాళ్ళు వదులుకోరు. న్యూయార్క్‌లో సబ్‌వే కార్డుతో లాంగ్ ఐలాండ్ రైలెక్కలేరు, కెనడీ ఎయిర్‌పోర్ట్ రైలుకి వేరే కట్టాలి. ఇదంతా ప్రయాణికుడి నెత్తిన పెట్టడం తప్పు అని నా గట్టి అభిప్రాయం. ఊరు ఒకటి, వెళ్ళే మనిషి ఒకడు, మధ్యలో పట్టాలు ఎవరివో కనుక్కునే పని వాడికెందుకు? రోజూ రెండు మూడు సంస్థల రైళ్ళు మారి పనికెళ్ళేవాళ్ళు, అదీ దూరంగా శివార్లలో ఉండేవాళ్ళు, దగ్గర్లో ఉన్నవాళ్ళకంటే ఎక్కువ కడుతున్నారు. అది మారాలని అడగడంలో తప్పేం లేదు, సంస్థలు ఛార్జీలు మార్చే ముందు జనం అభిప్రాయాలు అడిగినప్పుడల్లా రాయండి.

ప్రశ్న: పిల్లలకి టికెట్ ఎన్నేళ్ళ నుంచి?

జవాబు: ఊరూరికీ వేరు. లండన్ భూగర్భ రైల్లో పదకొండేళ్ళ లోపు పిల్లలు పెద్దవాళ్ళతో కలిసి ఉచితంగా వెళ్ళొచ్చు. బెర్లిన్‌లో ఆరేళ్ళ లోపు ఉచితం, పారిస్‌లో నాలుగేళ్ళ లోపు ఉచితం, నాలుగు నుంచి తొమ్మిది దాకా సగం. టోక్యోలో ఆరు నుంచి పదకొండు దాకా సగం ఛార్జీ. న్యూయార్క్‌లో వయసు కాదు ఎత్తు చూస్తారు, 44 అంగుళాల లోపు ఉంటే ఉచితం. వయసు చూసే ఊళ్ళల్లో పాస్‌పోర్ట్ కాపీ ఒకటి దగ్గర పెట్టుకోండి, పిల్లలు ఎత్తుగా ఉంటే అడుగుతారు.